సైనికుడు పరాయి దేశంలో చిక్కితే.. మిస్సైలా, మంతనాలా? నచికేత నుంచి ఖతార్ నేవీ కేసు దాకా రికార్డు ఏం చెబుతోంది?

2025 మే 14, ఉదయం పదిన్నర. అటారీ సరిహద్దు దగ్గర ఓ బీఎస్ఎఫ్ జవాన్‌ను పాకిస్థాన్ రేంజర్లు భారత్‌కు అప్పగించారు. ఏప్రిల్ 23న పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ సెక్టార్‌లో డ్యూటీలో ఉండగా పొరపాటున సరిహద్దు దాటిన జవాన్ అతను. సరిగ్గా ముందు రోజే పహల్గాంలో ఉగ్రదాడి జరిగింది. అతను అవతలి వాళ్ల కస్టడీలో ఉండగానే ఆపరేషన్ సిందూర్ మొదలైంది. నాలుగు రోజుల పాటు క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. మే 10న కాల్పులు ఆగాయి. మరో నాలుగు రోజులకు జవాన్ ఇంటిదారి పట్టాడు.

అతన్ని తెచ్చింది మాత్రం క్షిపణులు కావు. ఫ్లాగ్ మీటింగులు, ఇతర కమ్యూనికేషన్ మార్గాల్లో పదే పదే అడగడం వల్లే సాధ్యమైందని బీఎస్ఎఫ్ చెప్పింది. రాజస్థాన్ సరిహద్దులో మనవాళ్లు పట్టుకున్న ఓ పాక్ రేంజర్‌ను భారత్ కూడా అదే రోజు వెనక్కి పంపింది. ఒకరికి ఒకరు. లెక్క సరిపోయింది.

ఆ నాలుగు రోజులూ హైటెక్ సిటీ ఫుడ్ కోర్టుల్లో టీవీలు న్యూస్ ఛానళ్ల మీదే ఉన్నాయి. హైదరాబాద్ వాళ్లకు ఈ విషయంలో కాస్త గర్వం ఎక్కువే, దానికి కారణమూ ఉంది. ఆకాశ్ క్షిపణిని తయారు చేసేది ఇక్కడి బీడీఎల్. బ్రహ్మోస్‌ను అసెంబుల్ చేసే ప్లాంటు కూడా ఇక్కడుంది. బీడీఎల్ కార్పొరేట్ ఆఫీసు ఉన్నది ఐటీ కారిడార్‌లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. అక్కడి నుంచి కొద్ది నిమిషాల దూరంలో (ట్రాఫిక్ లేకపోతేనే లెండి) నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్. 2023 మార్చిలో అక్కడికి మారినప్పటి నుంచి పొద్దున్నే వీసా క్యూలు. ఒకే కారిడార్‌లో ఒక పక్క క్షిపణుల కంపెనీ, ఇంకో పక్క విదేశాలకు వెళ్లే జనం. ఏటా వేల మందిని బయటికి పంపే ఊరు ఇది. అందుకే ఈ ప్రశ్న ఇక్కడి వాళ్లకు టీవీ డిబేట్ టాపిక్ మాత్రమే కాదు.

ఇన్ని క్షిపణులున్న దేశం, తన మనిషి పరాయి జైల్లో పడితే ఎందుకు బతిమాలుకోవాలి? దాడి చేసి తెచ్చుకోవచ్చు కదా?

*నచికేత: యుద్ధం నడుస్తుండగానే వెనక్కి*

తెలుగువాళ్లకు బాగా దగ్గరైన కేసు 1999 నాటిది. ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత. ఇంటిపేరు వింటేనే తెలుగు మూలాలు తెలిసిపోతాయి. కార్గిల్ యుద్ధం మొదలైన కొత్తలో, మే 27న, బటాలిక్ సెక్టార్‌లో ఆయన నడుపుతున్న మిగ్-27 ఇంజిన్ ఆగిపోయింది. పారాచూట్‌తో దూకేశారు. పాక్ సైనికులకు చిక్కారు. ఆయన్ను వెతకడానికి మిగ్-21లో వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా విమానాన్ని పాక్ వైపు నుంచి క్షిపణితో కూల్చేశారు. అహూజా ప్రాణాలతో తిరిగి రాలేదు. పట్టుబడిన మనిషి కోసం వెంటనే చేసే ప్రయత్నానికి ఎంత ఖరీదు ఉంటుందో ఆ ఒక్క రోజే తెలిసిపోయింది.

తన 26వ పుట్టినరోజు, మే 31, నచికేత కస్టడీలోనే గడిపారు. జూన్ 3న పాక్ విడుదల చేసింది. గమనించాల్సింది ఏంటంటే, అప్పటికి యుద్ధం ఆగలేదు. తోలోలింగ్ ఇంకా మన చేతికి రాలేదు, టైగర్ హిల్ ఇంకా నెల దూరంలో ఉంది. కొండల మీద కాల్పులు జరుగుతుండగానే ఇస్లామాబాద్‌లో మన హైకమిషన్ పని మొదలుపెట్టింది.

అప్పటి హైకమిషనర్ జి. పార్థసారథి తర్వాత మీడియాకు చెప్పిన సంగతి ఒకటుంది. నచికేతను అప్పగిస్తాం రమ్మని పాక్ విదేశాంగ శాఖ పిలిచింది. అక్కడ మీడియా ఉంటుందా అని ఆయన అడిగారు. ఉంటుందని తెలియగానే రానన్నారు. యుద్ధఖైదీని కెమెరాల ముందు ప్రదర్శనకు పెట్టడానికి ఒప్పుకోమని చెప్పేశారు. చివరికి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ద్వారా అప్పగింత జరిగింది. చేతిలో ఏ ఆయుధమూ లేని ఓ దౌత్యవేత్త, మనిషి దక్కుతాడో లేదో తెలియని టైంలో ‘రాను’ అనడం చిన్న విషయం కాదు. దౌత్యం అంటే మెతకదనం అనుకునేవాళ్లు ఈ ఒక్క ఘటన గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆయనకు ఆ బలం ఎక్కడిది? 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం. యుద్ధఖైదీలను అవమానించకూడదు, జనం ముందు వింత వస్తువులా ప్రదర్శించకూడదు, పోరాటం ముగిశాక ఆలస్యం లేకుండా వదిలేయాలి. భారత్, పాక్ రెండూ దానికి కట్టుబడిన దేశాలే. యూనిఫాంలో పట్టుబడ్డవాళ్లకు ఈ కవచం ఉంటుంది. ఆ యూనిఫాం లేకపోతే ఏమవుతుందన్నది ఖతార్‌లో చూశాం. దానికి ముందు అభినందన్ సంగతి.

*అభినందన్: 12 మిస్సైళ్లా, 9 మిస్సైళ్లా?*

2019 ఫిబ్రవరి 14 పుల్వామా. 26న బాలాకోట్. 27న వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ పట్టుబడ్డారు. 28న పాక్ పార్లమెంట్‌లో ఇమ్రాన్ ఖాన్ విడుదల ప్రకటన. మార్చి 1 రాత్రి 9 దాటాక వాఘా గేటు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది.

ఎందుకంత త్వరగా వదిలారు? శాంతి సంకేతంగా ఇచ్చామని పాక్ చెప్పింది. మన వెర్షన్ వేరు. ఆ ఏప్రిల్‌లో గుజరాత్‌లోని పాటన్ ఎన్నికల సభలో ప్రధాని మోదీ, భారత్ 12 క్షిపణులు సిద్ధం చేసిందని ఓ అమెరికా అధికారి అన్నట్టు చెప్పారు. అప్పట్లో ఇస్లామాబాద్‌లో హైకమిషనర్‌గా ఉన్న అజయ్ బిసారియా ఆ తర్వాత రాసిన పుస్తకంలో 9 క్షిపణుల మాట ఉంది. సంఖ్య పక్కన పెడదాం. బలప్రయోగం భయం పని చేసిందన్నది మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. బలం వైపు వాదించేవాళ్ల చేతిలో ఉన్న అతి గట్టి ఉదాహరణ ఇదే.

కాకపోతే ఆ కథనాన్నే ఇంకాస్త దగ్గరగా చదివితే మరో విషయం కనిపిస్తుంది. ఆ క్షిపణుల గురించి కంగారుపడ్డ పాక్ విదేశాంగ శాఖ ఏం చేసింది? అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ రాయబారులను పిలిపించుకుంది. భారత్ వైపు నుంచి వెళ్లిన సందేశం కూడా దౌత్య మార్గంలోనే వెళ్లింది: మా పైలట్‌కు హాని జరగకూడదు, వెంటనే పంపాలి, బేరాలు ఉండవు. ఫిబ్రవరి 28న హనోయ్‌లో ట్రంప్ భారత్-పాక్ నుంచి మంచి వార్త రావచ్చని అన్న కొన్ని గంటల్లోనే ఇమ్రాన్ ప్రకటన వచ్చింది. ఒక్క క్షిపణి కూడా పేలలేదు. పేలి ఉంటే? అభినందన్ ఏ గదిలో ఉన్నాడో, ఆ గదికి తాళం వేసినవాడు ఆ క్షణంలో ఏం ఆలోచించేవాడో ఎవరు చెప్పగలరు. బెదిరింపు పని చేసేది అవతలివాడు వెనక్కి తగ్గడానికి దారి ఉన్నప్పుడే. ఆ దారి పేరు అప్పుడు ‘శాంతి సంకేతం’. పాక్ ఆ మాట వాడుకుంది, మనం మనిషిని తెచ్చుకున్నాం.

*దాడి చేసి తెచ్చుకున్న సందర్భం లేదా? ఉంది*

2000 సంవత్సరం, సియెర్రా లియోన్. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఉన్న 5/8 గోర్ఖా రైఫిల్స్‌కు చెందిన 200 మందికి పైగా భారత సైనికులను కైలాహున్ అనే ఊళ్లో ఆర్‌యూఎఫ్ రెబెల్స్ చుట్టుముట్టారు. దాదాపు 75 రోజులు దిగ్బంధం. చర్చలు జరిగాయి. వేరే చోట రెబెల్స్ చేతిలో ఉన్న మరో 21 మంది మనవాళ్లు లైబీరియా మధ్యవర్తిత్వంతో బయటపడ్డారు. కైలాహున్ విషయంలో మాత్రం చర్చలు ముందుకు సాగలేదు. జులై 15న మేజర్ జనరల్ విజయ్ జెట్లీ ఆధ్వర్యంలో ఆపరేషన్ ఖుక్రీ. చుట్టుముట్టబడ్డ సైనికులంతా బయటికొచ్చారు. మన వైపు ఒక జవాన్ చనిపోయారు.

ఇది ఎందుకు పని చేసింది? మనవాళ్లు ఎక్కడున్నారో కచ్చితంగా తెలుసు. వాళ్లు సెల్‌లో సంకెళ్లతో లేరు, ఆయుధాలతో ఒక్క చోటే ఉన్నారు. ఆ దేశ ప్రభుత్వం మన వైపే ఉంది. ఐరాస జెండా ఉంది. బ్రిటన్ హెలికాప్టర్లు ఇచ్చింది. ఇవన్నీ ఒకేసారి కుదరడం అరుదు. ఒక దేశం తన రాజధానిలో, తన జైల్లో, తన కోర్టు ఉత్తర్వుతో పెట్టుకున్న మనిషి విషయంలో వీటిలో ఒక్కటీ ఉండదు.

కుదరనప్పుడు ఏమవుతుందో అమెరికాకు తెలుసు. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్ బందీల కోసం పంపిన ఆపరేషన్ ఈగల్ క్లా ఎడారిలోనే ఆగిపోయింది. హెలికాప్టర్, రవాణా విమానం ఢీకొని 8 మంది సైనికులు చనిపోయారు. ఆ తర్వాత ఇరాన్ బందీలను వేర్వేరు చోట్లకు చెదరగొట్టింది. 52 మంది బయటపడింది 444 రోజులకు, అల్జీరియా మధ్యవర్తిత్వంతో. అదే ఇరాన్ 2016 జనవరిలో 10 మంది అమెరికా నేవీ సిబ్బందిని పట్టుకుంటే ఒక్క రోజు తిరగకుండానే వదిలేసింది. విదేశాంగ మంత్రులు జాన్ కెర్రీ, జవాద్ జరీఫ్ ఫోన్లలో మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరికీ అప్పటికే అణు ఒప్పందం చర్చల వల్ల పరిచయం ఉంది. ఫోన్ నంబర్ ముందే ఉండటం ఎంత పెద్ద ఆయుధమో!

అయితే మంతనాలు ఉచితంగా దొరకవు. ఇజ్రాయెల్ సైనికుడు గిలాద్ షాలిత్‌ను 2006 జూన్‌లో హమాస్ ఎత్తుకుపోయింది. ఇజ్రాయెల్ రోజుల్లోనే గాజాలోకి సైన్యాన్ని పంపింది. షాలిత్ దొరకలేదు. ఐదేళ్ల తర్వాత, 2011 అక్టోబర్‌లో, 1,027 మంది ఖైదీలను వదిలితే ఒక్క షాలిత్ వచ్చాడు. ఆ 1,027 మందిలో యాహ్యా సిన్వార్ ఒకడు. 2023 అక్టోబర్ 7 తర్వాత ఆ పేరు తెలియనివాళ్లు లేరు. మనకూ అలాంటి చేదు లెక్కే ఉంది. 1999 డిసెంబర్‌లో ఐసీ-814 ప్రయాణికుల కోసం వదిలిన మసూద్ అజార్ పెట్టిన జైషే మహ్మదే పుల్వామా దాడి తామే చేశామని చెప్పుకుంది. ఆ దాడి నుంచే బాలాకోట్, బాలాకోట్ నుంచే అభినందన్. అంటే ఒకప్పటి బేరం, ఇరవై ఏళ్ల తర్వాత మరో బందీ కథకు దారి తీసింది. ‘బేరాలు ఉండవు’ అని 2019లో ఢిల్లీ గట్టిగా అనడం వెనక ఈ జ్ఞాపకం లేదనుకోవడం కష్టం.

*ఖతార్: చట్టం లేని చోట ఏం చేశారు?*

ఇక తెలుగువాళ్లను మళ్లీ కలవరపెట్టిన కేసు. 2022 ఆగస్టు 30న ఖతార్ రాజధాని దోహాలో 8 మంది భారత నేవీ మాజీ సిబ్బందిని అదుపులోకి తీసుకున్నారు. దహ్రా గ్లోబల్ అనే ప్రైవేటు కంపెనీలో వాళ్ల ఉద్యోగం. ఆ 8 మందిలో విశాఖపట్నానికి చెందిన మాజీ అధికారి ఒకరు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు విశాఖ. రిటైరయ్యాక గల్ఫ్‌లో ఉద్యోగం చూసుకోవడం అక్కడి నేవీ కుటుంబాలకు కొత్తేం కాదు. కాబట్టి ఆ వార్త ఒక్క ఇంటికే పరిమితం కాలేదు.

వాళ్లు యూనిఫాంలో లేరు. అంటే జెనీవా ఒప్పందం వర్తించదు. యుద్ధం లేదు. శత్రుదేశం కాదు. ఆరోపణలేంటో ఖతార్ బహిరంగంగా చెప్పలేదు. 2023 అక్టోబర్ 26న కింది కోర్టు ఏకంగా మరణశిక్ష వేసింది. తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యామని మన విదేశాంగ శాఖ ప్రకటించింది.

ఆ వారం సోషల్ మీడియాలో వినిపించిన మాటలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. యుద్ధనౌక పంపాలి, గ్యాస్ కొనడం ఆపేయాలి అంటూ. సరే, లెక్క వేద్దాం. ఖతార్‌లో ఉన్న భారతీయులు 8 లక్షలకు పైనే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో. భారత్ దిగుమతి చేసుకునే ఎల్‌ఎన్‌జీలో అతి పెద్ద వాటా ఖతార్‌దే. అక్కడ అమెరికా సైనిక స్థావరం ఉంది. 8 మంది కోసం 8 లక్షల మందిని పణంగా పెట్టే దారి అది. ఢిల్లీ ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయలేదు. అది పిరికితనం అన్నవాళ్లు అప్పుడు తక్కువేం కాదు.

ఢిల్లీ చేసిందల్లా అప్పీలుకు వెళ్లడం, జైల్లో కాన్సులర్ యాక్సెస్ అడిగి తీసుకోవడం, కేసు గురించి బయట తక్కువ మాట్లాడటం. డిసెంబర్ 1న దుబాయ్‌లో కాప్-28 సదస్సు దగ్గర మోదీ, ఖతార్ ఎమీర్ షేక్ తమీమ్ కలిశారు. డిసెంబర్ 28న అప్పీలు కోర్టు మరణశిక్షను జైలుశిక్షగా తగ్గించింది. 2024 ఫిబ్రవరి 6న పెట్రోనెట్ ఎల్‌ఎన్‌జీ, ఖతార్ ఎనర్జీ మధ్య 2028 నుంచి 20 ఏళ్ల పాటు ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాస్ ఒప్పందం కుదిరింది. ఫిబ్రవరి 12న 8 మంది విడుదలయ్యారని ప్రకటన, వారిలో ఏడుగురు అప్పటికే ఢిల్లీ చేరుకున్నారు. రెండు రోజులకు మోదీ దోహాలో దిగారు.

గ్యాస్ ఒప్పందానికీ విడుదలకూ ముడి ఉందని రెండు ప్రభుత్వాల్లో ఏదీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. 20 ఏళ్లు కస్టమర్‌గా ఉండబోయే దేశం ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారు. కాకపోతే దీనికి ఓ చీకటి కోణం ఉంది. వాళ్లు చేసిన తప్పేంటో, అసలు తప్పు చేశారో లేదో, జనానికి ఎప్పటికీ తెలియలేదు. కోర్టులో నిర్దోషులుగా బయటికి రావడం వేరు, ఎమీర్ దయతో రావడం వేరు. 17 నెలలకు పైగా జైల్లో గడిపిన మనుషులకు ఆ తేడా చిన్నదేం కాదు.

*మాదాపూర్ నుంచి వెళ్లిన మనిషి*

ఐటీ కారిడార్‌కే సంబంధించిన కేసు ఒకటుంది. అతను సైనికుడు కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2017లో కనిపించకుండా పోయాడు. మాదాపూర్ పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కేసు నమోదైంది. రెండేళ్ల తర్వాత, 2019లో, పాకిస్థాన్‌లో అరెస్టయ్యాడని తెలిసింది. 2021 మే 31న వాఘా దగ్గర అప్పగించారు. ఆ తర్వాత సైబరాబాద్ పోలీసులు అతన్ని కుటుంబానికి అప్పజెప్పారు. ఆ మధ్యలో జరిగిందంతా ఫైళ్ల పనే: ఇతను మన పౌరుడేనని నిర్ధారించడం, సైబరాబాద్ నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్‌కు ఉత్తరాలు. 2018 నవంబర్‌లో పట్టుబడ్డ శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరి 6న తిరిగొచ్చింది కూడా ఇలాంటి ఫైళ్ల దారిలోనే. ‘తండేల్’ సినిమా చూసినవాళ్లకు ఆ కథ తెలుసు. ఫైళ్ల భాగం సినిమాకు పెద్దగా పనికిరాదు, అది వేరే సంగతి.

*అద్దంలో చూసుకుంటే*

ఇదే ప్రశ్న తిరగేసి చూద్దాం. 2012 ఫిబ్రవరి 15. కేరళ తీరానికి దగ్గర్లో ‘ఎన్రికా లెక్సీ’ అనే ఇటలీ ఆయిల్ ట్యాంకర్ మీద కాపలా ఉన్న ఇద్దరు ఇటలీ నావికులు కాల్పులు జరిపారు. చేపల వేటకు వెళ్లిన ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఆ ఇద్దరు నావికులనూ కేరళ పోలీసులు అరెస్ట్ చేశారు. వాళ్లు యూనిఫాంలో, డ్యూటీలో ఉన్న సైనికులు. ఇటలీలో వీధుల్లోకి వచ్చి మా వాళ్లను వదలండి అన్నారు. 2013లో ఎన్నికల్లో ఓటు వేయడానికి వెళ్లినవాళ్లను తిరిగి పంపమని ఇటలీ మొండికేసింది. ఇటలీ రాయబారి దేశం దాటకూడదని మన సుప్రీంకోర్టు ఆదేశించింది. చివరికి పంపారు. కేసు హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నావికులకు రక్షణ ఉంది కాబట్టి భారత్ విచారించలేదని, అయితే భారత్‌కు పరిహారం చెల్లించాలని 2020లో తీర్పు వచ్చింది. 10 కోట్ల రూపాయలు డిపాజిట్ చేశాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. తొమ్మిదేళ్లు.

ఆ తొమ్మిదేళ్లలో ఇటలీ యుద్ధనౌక ఒకటి కొచ్చి ముందుకు వచ్చి నిలబడి ఉంటే మనం ఏమనుకునేవాళ్లం? ఆ నావికులను ఇంకో రోజు ముందు వదిలేవాళ్లమా, పదేళ్లు ఎక్కువ ఉంచేవాళ్లమా? హైటెక్ సిటీ ఫుడ్ కోర్టులో ఈ ప్రశ్న వేస్తే జవాబు వెంటనే వస్తుంది. అదే జవాబు దోహాలోనూ, ఇస్లామాబాద్‌లోనూ జనం దగ్గర ఉంటుంది.

*గెలిచిన యుద్ధంలో రాని 54 మంది*

బలం ఉంటే మనవాళ్లను తెచ్చుకోవచ్చు అనే వాదనకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న 1971 వేస్తుంది. భారత్ అంత స్పష్టంగా గెలిచిన యుద్ధం మరొకటి లేదు. మన చేతిలో 93,000 మంది పాక్ బందీలు. బేరమాడటానికి అంతకు మించిన బలం ఏ దేశానికీ దొరకదు. 1972 సిమ్లా ఒప్పందం, 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం తర్వాత వాళ్లందరినీ పంపేశాం. మనవాళ్లలో 54 మంది మాత్రం పాక్ జైళ్లలోనే ఉండిపోయారన్నది వాళ్ల కుటుంబాల నమ్మకం. 1979లో ఇలా ఆచూకీ లేనివాళ్ల పేర్ల జాబితా ఒకటి లోక్‌సభ ముందుకు వచ్చింది. 2007లో కొందరు కుటుంబ సభ్యులు పాక్ వెళ్లి జైళ్లు చూసొచ్చారు. ఎవరూ దొరకలేదు. తమ దగ్గర ఎవరూ లేరన్నదే పాక్ సమాధానం.

తప్పు యుద్ధభూమిలో జరగలేదు. చేతిలో బలం ఉన్న రోజున, కాగితం మీద ఒక్కో పేరూ పట్టుకుని అడగాల్సిన చోట జరిగింది.

2008 మే నాటి ఒప్పందం ప్రకారం భారత్, పాక్ ప్రతి జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధం అంచున ఉన్న ఏడాది కూడా ఇది ఆగలేదు. ఆ రోజు మన విదేశాంగ శాఖ ఓ ప్రెస్ నోట్ ఇస్తుంది. పౌర ఖైదీలను, మత్స్యకారులను పడవలతో సహా త్వరగా వదలాలని అడుగుతుంది. అదే వాక్యంలో చివర్లో ఇంకో మాట ఉంటుంది: ఆచూకీ లేని భారత రక్షణ సిబ్బందిని కూడా. 1971 జరిగి అర్ధ శతాబ్దం దాటింది. ఏడాదికి రెండుసార్లు ఆ మాట ఇంకా వస్తూనే ఉంది.